ఇంట తయారుచేసిన సిగార్ నిల్వ పెట్టెలో తేమ నిర్వహణ

పొగాకు ఆకు తన చుట్టూ ఉన్న గాలితో నిరంతరం నీటిని ఇచ్చిపుచ్చుకుంటుంది. గాలి తడిగా ఉంటే ఆవిరిని గ్రహించి మెత్తబడుతుంది; పొడిగా ఉంటే ఆవిరిని విడిచి పెళుసెక్కుతుంది. గోదావరి లంకల్లో చుట్ట పొగాకు పండించే రైతుకు ఈ సత్యాన్ని ఏ ప్రయోగశాలా బోధించనవసరం లేదు. ఎండిన ఆకును మిట్టమధ్యాహ్నం కదిలిస్తే నుసి అవుతుందని, తెల్లవారుజామున మంచుకు పదునెక్కిన తరువాతనే దానిని చేతబట్టాలని తరతరాల అనుభవం అతడికి నేర్పింది. అదే ఆకును సిగార్‌గానో, చుట్టగానో, పరిశోధన నమూనాగానో నెలల తరబడి నిల్వ చేయవలసి వచ్చినప్పుడు ఆ పదునును మనమే కృత్రిమంగా నిలపవలసి ఉంటుంది.

ఇందుకోసం పాశ్చాత్య దేశాల్లో స్పానిష్ సెడార్ అనే కలపతో చేసిన హ్యూమిడార్ పెట్టెలను వాడతారు. అవి ఖరీదైనవి. అందువల్ల విహారయాత్రలకు తీసుకుపోయే ఐస్ పెట్టెనో, చిన్న థర్మోఎలక్ట్రిక్ కూలర్‌నో ఇంటివద్దనే మార్చుకొని నిల్వ పెట్టెగా ఉపయోగించే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఖర్చు తక్కువ, తయారీ సులభం కావడంతో మా విభాగంలోనూ ఆకు నమూనాల నిల్వకు ఇదే ఏర్పాటు చేసుకున్నాము. అయితే పెట్టె సులభమైనదే గాని దానిలోని తేమ ప్రవర్తన అంత సులభంగా బోధపడేది కాదు. దానిని సరిగా గ్రహించనందున మేము ఒక పంటకాలపు నమూనాలను కోల్పోయాము. ఆ అనుభవాన్ని, దాని వెనుకనున్న శాస్త్ర సూత్రాలను, అటుపిమ్మట మేము అనుసరిస్తున్న విధానాన్ని విస్తరణ శాస్త్రవేత్తల, విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పొగాకు వినియోగం ఆరోగ్యానికి హానికరమన్న విషయం ఇక్కడ ప్రత్యేకంగా నిరూపించనక్కరలేదు. నిప్పుకొసను నోటిలో ఉంచుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ గల సంబంధం మన ఉత్తర కోస్తా జిల్లాల్లో జరిగిన వైద్య పరిశోధనల్లోనే వెల్లడైంది. ధూమపానాన్ని ప్రోత్సహించడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. పంట సాగులో ఉన్నంతకాలం దాని ఆకు నాణ్యతను నిష్పాక్షికంగా అంచనా కట్టవలసిన బాధ్యత పరిశోధకునిపై ఉంటుంది. చెడిన నమూనా నుంచి వచ్చిన ఫలితం ఒక రకానికి, దానిని పండించిన రైతుకు అన్యాయం చేస్తుంది.

మా అనుభవం

కొన్నేళ్ళ క్రితం మా స్నాతకోత్తర విద్యార్థి ఒకరు చుట్ట రకాల ఆకు నాణ్యతపై పరిశోధన చేపట్టారు. రబీ పంట నుంచి సేకరించి, ఆరబెట్టి, పులియబెట్టిన ఆకు సుమారు 2 కిలోలు 45 లీటర్ల ఐస్ పెట్టెలో నిల్వ ఉంచారు. మూత లోపలి వైపు ఒక డిజిటల్ హైగ్రోమీటర్ అమర్చారు. ప్రతి ఉదయం ప్రయోగశాలలో ఏసీ వేసిన తరువాత మూత తెరిచి అంకె నమోదు చేసేవారు. 68 శాతం ఉండవలసిన చోట 58, 60 కనిపించేవి. వెంటనే తడి స్పాంజి పెట్టేవారు.

రెండవ వారంలో ఆ విద్యార్థి నా వద్దకు వచ్చి, "సార్, రోజూ నీళ్ళు పెడుతూనే ఉన్నాను, తేమ మాత్రం పెరగడం లేదు" అన్నారు. "అయితే మరికొంచెం పెట్టి చూడు బాబూ" అన్నాను. అది నా తప్పు. మూడవ వారం చివరికి కట్టల అడుగున తెల్లని నూగు కనిపించింది. సూక్ష్మదర్శిని కింద చూడగా బూజు తంతువులు, సిద్ధబీజాలు స్పష్టంగా ఉన్నాయి. నమూనాలన్నీ పారవేయవలసి వచ్చింది. విద్యార్థి మరుసటి రబీలో పంటను మళ్ళీ వేసుకున్నారు. పట్టా ఒక సంవత్సరం ఆలస్యమైంది.

తరువాత ఆ నోటు పుస్తకాన్ని తీరికగా తిరగవేశాను. ప్రతి వారం కింద నా సంతకం ఉంది. రోజువారీ అంకెలు ఉన్నాయి, పోసిన నీటి లెక్క ఉంది. మూడు వారాల్లో మొత్తం 100 మిల్లీలీటర్లు పోశారు. ఆకు బరువు మాత్రం ఒక్కసారి కూడా రాసి లేదు. మా పొరపాటు అంతా అక్కడే ఉందని లెక్క వేసిన తరువాత అర్థమైంది.

సాపేక్ష ఆర్ద్రత అంటే ఏమిటి?

ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి గరిష్ఠంగా ఎంత నీటి ఆవిరిని కలిగి ఉండగలదో, అందులో వాస్తవంగా ఎంత ఉందో చెప్పే నిష్పత్తే సాపేక్ష ఆర్ద్రత. ఈ గరిష్ఠ పరిమితి ఉష్ణోగ్రతతో వేగంగా పెరుగుతుంది. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 17.3 గ్రాములు, 25 డిగ్రీల వద్ద 23 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30.4 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకోగలదు. కాబట్టి ఆవిరి పరిమాణం మారకున్నా, ఖాళీ పెట్టెను వేడి చేస్తే ఆర్ద్రత శాతం తగ్గుతుంది, చల్లబరిస్తే పెరుగుతుంది. చల్లబరుస్తూ పోతే ఒక దశలో ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రతనే తుషార స్థానం అంటాము.

ఇది ఖాళీ పెట్టె సంగతి. ఆకు నిండిన పెట్టె మరో విధంగా ప్రవర్తిస్తుంది. ప్రతి తేమ శాతం వద్ద ఆకు తన చుట్టూ ఉన్న మూసిన గాలిని ఒక నిర్దిష్ట ఆర్ద్రతకు తెస్తుంది. దీనినే సమతాస్థితి ఆర్ద్రత అంటారు. సిగార్ రకం పొగాకులో సుమారు 12 నుంచి 14 శాతం తేమ ఉన్నప్పుడు మూసిన గాలిలో 65 నుంచి 70 శాతం సాపేక్ష ఆర్ద్రత ఏర్పడుతుంది. ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీలు మారినా ఈ సంబంధం స్వల్పంగానే మారుతుంది. గాలి పొడిబారితే ఆకు ఆవిరిని విడుస్తుంది, తడిస్తే పీల్చుకుంటుంది. నిండుగా ఉన్న పెట్టెలో ఆర్ద్రతను నిలిపేది ప్రధానంగా ఆకే.

పెట్టెలోని నీరు ఎక్కడ ఉంది?

మా పెట్టెనే ఉదాహరణగా తీసుకుందాము. 45 లీటర్లు అంటే 0.045 ఘనపు మీటరు. 25 డిగ్రీల వద్ద 70 శాతం ఆర్ద్రత గల గాలిలో ఘనపు మీటరుకు 16.1 గ్రాముల ఆవిరి ఉంటుంది. ఆ లెక్కన పెట్టెలోని గాలి అంతటిలోనూ ఉన్న నీరు సుమారు 0.72 గ్రాము. అదే పెట్టెలో 13 శాతం తేమ గల 2 కిలోల ఆకులో ఉన్న నీరు 260 గ్రాములు. అనగా గాలిలో ఉన్నదానికి దాదాపు 360 రెట్ల నీరు ఆకులో ఉంది.

ఇప్పుడు మూత తెరిచామనుకుందాము. లోపలి గాలి అంతా బయటికి పోయి, 25 డిగ్రీల వద్ద 50 శాతం ఆర్ద్రత గల ఏసీ గది గాలి దాని స్థానంలో చేరిందని భావిద్దాము. ఆ గాలిలో ఉన్న ఆవిరి 0.52 గ్రాము. తేడా 0.2 గ్రాము మాత్రమే. మూత వేసిన తరువాత ఆకు ఆ 0.2 గ్రామును విడిచి గాలిని తిరిగి పూర్వస్థితికి తెస్తుంది. 260 గ్రాములలో 0.2 గ్రాము పోవడం ఆకుకు లెక్కలోనిది కాదు. కానీ మూత తెరిచిన క్షణంలో హైగ్రోమీటర్ చూపేది కొంత పెట్టె గాలి, కొంత గది గాలి కలిసిన మిశ్రమాన్ని. మా విద్యార్థి ప్రతి ఉదయం చూసిన 58, 60 శాతాలు ఆ మిశ్రమం అంకెలే. గాలికి 0.2 గ్రాము లోటు వస్తే మేము పలు గ్రాముల నీరు పోస్తూ వచ్చాము.

ఫలితాన్ని లెక్కించడం కష్టం కాదు. 13 శాతం తేమ గల 2 కిలోల ఆకులో పొడి పదార్థం 1740 గ్రాములు. 100 గ్రాముల నీరు చేరితే మొత్తం బరువు 2100 గ్రాములు, అందులో నీరు 360 గ్రాములు. తేమ శాతం 17కు చేరింది. ఆ స్థాయిలో చుట్టూ గాలి బూజుకు అనుకూలంగా మారక తప్పదు. పెట్టెను ఒక రాత్రంతా మూసి ఉంచి, మూతకు గాజు కిటికీ పెట్టి చూసినప్పుడు హైగ్రోమీటర్ 74 చూపింది. ఆ పరికరాన్ని పరీక్షించగా అది 6 శాతం తక్కువ చూపుతున్నదని తేలింది. అసలు ఆర్ద్రత 80.

ఎంత తేమ తగినది?

సిగార్‌లో మూడు భాగాలుంటాయి: లోపలి పూరక ఆకు, దానిని బిగించే బంధక ఆకు, వెలుపల చుట్టే పలుచని కప్పు ఆకు. తేమ మరీ తగ్గితే కప్పు ఆకు పెళుసెక్కి చిట్లుతుంది. సువాసననిచ్చే బాష్పశీల పదార్థాలు క్రమంగా తగ్గుతాయి. తేమ మరీ పెరిగితే లోపలి పూరక ఆకు ఉబ్బి కప్పు ఆకును చీలుస్తుంది, మండే గుణం దెబ్బతింటుంది, బూజు పడుతుంది. ఈ రెండింటి నడుమ 65 నుంచి 70 శాతం ఆర్ద్రతను సాధారణంగా సూచిస్తారు.

నిల్వ ధాన్యాలను, ఆకులను ఆశించే ఆస్పర్జిల్లస్ బూజులలో కొన్ని 75 శాతానికి కొంచెం దిగువన కూడా పెరగగలవు. కోస్తా ప్రాంతపు వేడిలో ఆ ముప్పు మరింత ఎక్కువ. అందువల్ల మన పరిస్థితుల్లో 65 శాతాన్ని లక్ష్యంగా పెట్టుకొని, 62 నుంచి 68 వరకు హెచ్చుతగ్గులను అనుమతించడం క్షేమమని మా అభిప్రాయం.

పెట్టె ఎంపిక, తయారీ

చవకైన ఐస్ పెట్టెలలో గోడలకు ఉష్ణనిరోధక నురుగు ఉన్నా, మూత బోలుగా ఉండి రబ్బరు అంచు లేకుండా వస్తుంది. కొనే ముందు ఒక కాగితపు పట్టీని అంచున ఉంచి మూత వేసి లాగి చూడాలి. నలువైపులా పట్టీ బిగువుగా రావాలి. సులభంగా జారివచ్చిన చోట నురుగు టేపు అంటించాలి. నీరు వదిలే రంధ్రం ఉంటే దానిని బిరడాతో గట్టిగా మూయాలి.

ఈ జాగ్రత్త ఎందుకో మరొక లెక్క చెబుతుంది. వర్షాకాలంలో గది ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, ఆర్ద్రత 85 శాతం అనుకుందాము. ఘనపు మీటరు గాలిలో సుమారు 23 గ్రాముల ఆవిరి ఉంటుంది. అదే ఉష్ణోగ్రత వద్ద 68 శాతం ఆర్ద్రతతో ఉన్న పెట్టె గాలిలో 18.5 గ్రాములు. పెట్టె గాలి ఒకసారి పూర్తిగా మారితే లోపలికి చేరే నీరు సుమారు 0.2 గ్రాము. వారానికి ఒకసారి తెరిస్తే నెలకు ఒక గ్రాము కూడా కాదు. కానీ మూత సరిగా బిగియక గంటకు ఒకసారి గాలి మారుతూ ఉంటే, అదే వేగంతో నెలకు దాదాపు 150 గ్రాములు చేరుతుంది. తేడా తగ్గేకొద్దీ వేగం తగ్గినా, ఆకు చెడడానికి అందులో సగం చాలు. పెట్టెను తెరవడం కన్నా అది సరిగా మూతపడకపోవడం ఎన్నో రెట్లు ప్రమాదకరం.

కొత్త ప్లాస్టిక్ వాసనను ఆకు త్వరగా పీల్చుకుంటుంది. పెట్టెను వంటసోడా కలిపిన నీటితో కడిగి, మూత తెరిచి కొన్నాళ్ళు నీడలో ఆరనివ్వాలి. వాసన పూర్తిగా పోయేవరకు ఆకు పెట్టరాదు.

లోపల అరలుగా చెక్క పళ్ళేలు అమర్చుకోవచ్చు. హ్యూమిడార్లకు వాడే స్పానిష్ సెడార్ నిజానికి దేవదారు జాతి కాదు. అది సెడ్రెలా ఒడొరేటా అనే వృక్షం. మన వేప, మహాగని చెందిన మీలియేసీ కుటుంబానికే చెందినది, మన తూన్ చెట్టుకు దగ్గరి బంధువు. దేవదారు, పైన్ వంటి జిగురు కారే కలపలు ఆకుకు తమ వాసన అంటిస్తాయి గనుక పనికిరావు. కలప కూడా తేమను పీల్చే పదార్థమే. 65 నుంచి 70 శాతం ఆర్ద్రత వద్ద కలపలో 12 నుంచి 13 శాతం తేమ ఉంటుంది. 8 శాతం తేమతో ఉన్న ఒక కిలో పొడి చెక్క ఆ స్థితికి రావడానికి దాదాపు 50 గ్రాముల నీరు పీల్చుకుంటుంది. ముందుగా సిద్ధం చేయకపోతే ఆ నీరు ఆకు నుంచే పోతుంది. కాబట్టి ఖాళీ పెట్టెలో చెక్క పళ్ళేలతోపాటు ఒక గిన్నెలో స్వేదన జలం ఉంచి, ఆర్ద్రత నిలకడగా 65 శాతానికి చేరేవరకు, అనగా వారం నుంచి రెండు వారాల వరకు మూసి ఉంచాలి. ఆ తరువాత గిన్నె తీసివేసి ఆకు పెట్టాలి.

హైగ్రోమీటర్ పరీక్ష

బజారులో దొరికే చవక హైగ్రోమీటర్లు 5, 6 శాతం తేడా చూపడం సాధారణం. ప్రతి పరికరాన్ని వాడే ముందు, ఆపై ఆరు నెలలకొకసారి పరీక్షించాలి. ఇందుకు వంటింటి ఉప్పు చాలు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీరు కలిపి తడి ఇసుకలా చేయాలి. ఉప్పు పూర్తిగా కరగరాదు. కరగని గుళికలు తప్పక కనిపించాలి. ఆ మూతను, హైగ్రోమీటర్‌ను కలిపి గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఉష్ణోగ్రత మారని చోట 24 గంటలు వదలాలి. సంతృప్త సోడియం క్లోరైడ్ ద్రావణం 25 డిగ్రీల వద్ద తనపైనున్న గాలిని 75.3 శాతం ఆర్ద్రత వద్ద నిలుపుతుంది. పరికరం 69 చూపితే ఇకపై ప్రతి అంకెకు 6 కలుపుకోవాలి. ప్రయోగశాలలో పొటాషియం అయోడైడ్ అందుబాటులో ఉంటే మరింత మేలు. దాని సంతృప్త ద్రావణం అదే ఉష్ణోగ్రత వద్ద 68.9 శాతం ఆర్ద్రతనిస్తుంది; మనకు కావలసిన స్థాయికి అది చాలా దగ్గర.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఉప్పు ద్రావణం పరికరాన్ని పరీక్షించడానికే. దానిని నిల్వ పెట్టెలో శాశ్వతంగా ఉంచితే ఆకు చుట్టూ 75 శాతం ఆర్ద్రత ఏర్పడుతుంది. అది బూజుకు తలుపు తెరిచినట్లే.

హైగ్రోమీటర్‌ను మూతకు కాక, పెట్టె మధ్యలో ఆకు కట్టల నడుమ ఉంచాలి. మూత తెరవకుండానే అంకె చదివే వీలు కల్పించుకోవాలి. బయట తెర, లోపల తీగ చివర సెన్సర్ గల పరికరాలు ఇందుకు అనువైనవి. అటువంటిది లేకపోతే మూతకు చిన్న గాజు కిటికీ అమర్చుకోవచ్చు. తెరిచిన తరువాత కనిపించే అంకెను నమోదు చేయరాదు.

తేమను నిలిపే పదార్థాలు

తడి స్పాంజి అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అందులోని నీరు దాదాపు 100 శాతం ఆర్ద్రతవైపే లాగుతుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. పైగా స్పాంజిలోనే బూజు పుడుతుంది.

ప్రొపిలీన్ గ్లైకాల్, స్వేదన జలం సమపాళ్ళలో కలిపిన ద్రావణం సుమారు 70 శాతం వద్ద ఆవిరిని విడవడం తగ్గిస్తుంది. అందులోంచి ఆవిరయ్యేది ప్రధానంగా నీరే గనుక, తరువాత నింపేటప్పుడు స్వేదన జలం మాత్రమే పోయాలి. ప్రతిసారీ గ్లైకాల్ కలిపితే నిష్పత్తి చెడుతుంది.

లవణంతో సంస్కరించిన సిలికా గుళికలు, సంతృప్త లవణ ద్రావణాన్ని ఆవిరి మాత్రమే దూరగల పొరలో బంధించిన సంచులు ఇంకా మేలైనవి. ఇవి తేమ తగ్గితే ఇస్తాయి, పెరిగితే తీసుకుంటాయి. సంచిపై ముద్రించిన 62, 65, 69 వంటి అంకె దాని లక్ష్య ఆర్ద్రతను తెలుపుతుంది. సిలికా గుళికలను నింపేటప్పుడు మూడింట రెండు వంతులే తడపాలి. పొడిగా మిగిలిన గుళికలే అధిక తేమను పీల్చుకుంటాయి.

ఏ పదార్థం వాడినా నీరు స్వేదన జలమై ఉండాలి. కుళాయి నీటిలోని లవణాలు గుళికల రంధ్రాలను మూసివేస్తాయి.

ఉష్ణోగ్రత

ఐస్ పెట్టె గోడలు వేడిని నెమ్మదిగా మాత్రమే లోపలికి రానిస్తాయి. అవి చల్లదనాన్ని సృష్టించవు. పగటికీ రాత్రికీ మధ్య హెచ్చుతగ్గులను తగ్గించడమే వాటి పని. ఆ పనికి విలువ ఉంది. పెట్టెలో ఒక పక్క వేడిగా, మరో పక్క చల్లగా ఉంటే తేమ వెచ్చని ఆకు నుంచి చల్లని ఆకు వైపు కదులుతుంది. అందువల్ల పెట్టెను గోడ వెచ్చబడే చోట, కిటికీ ఎండలో, ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఉంచరాదు.

వేసవిలో కొందరు లోపల ఐస్ ప్యాకులు పెడతారు. ఇది చేయరాని పని. 28 డిగ్రీల వద్ద 68 శాతం ఆర్ద్రత గల గాలి తుషార స్థానం సుమారు 21.5 డిగ్రీలు. సున్నా డిగ్రీల వద్దనున్న ఐస్ ప్యాకు తాకగానే ఆవిరి నీరై అడుగున చేరుతుంది. అడుగు ఆకు తడుస్తుంది, పై ఆకు ఎండుతుంది. పెట్టెను చల్లని గదిలో ఉంచడమే సరైన మార్గం.

థర్మోఎలక్ట్రిక్ కూలర్‌లోనూ ఇదే చర్య జరుగుతుంది. అందులోని చల్లని లోహపు పలక తుషార స్థానం కన్నా దిగువన ఉండి గాలిలోని ఆవిరిని నీరుగా మార్చి బయటికి పంపుతుంది. పెట్టె గంట గంటకూ ఎండుతుంది. దీనిని తగ్గించడానికి ఉష్ణోగ్రతను మరీ దించకుండా 18 నుంచి 20 డిగ్రీల వద్ద ఉంచాలి. నీరు పోయే గొట్టాన్ని మూసి, ఆ నీరు లోపలే ఒక పళ్ళెంలో చేరి తిరిగి ఆవిరయ్యేట్లు చేయాలి. ఆకు కట్టలు ఆ పలకకు తగలకుండా చూడాలి.

తడిగాలి బరువైనదని, అది కిందికి దిగుతుందని విద్యార్థులు తరచు పరీక్షల్లో రాస్తుంటారు. నిజానికి నీటి ఆవిరి అణుభారం 18. గాలి సగటు అణుభారం 29. ఒకే ఉష్ణోగ్రత వద్ద తడిగాలి పొడిగాలి కన్నా తేలికైనది. పెట్టె అడుగున తడి చేరుతుంటే అందుకు కారణం అక్కడి చల్లదనమే.

పురుగు, బూజు

నిల్వ పొగాకుకు ప్రధాన శత్రువు లాసియోడెర్మా సెర్రికార్నె అనే చిన్న గోధుమరంగు పెంకు పురుగు. దాని పిల్లపురుగులు సిగార్‌ను తొలిచి సూదిమొన వంటి రంధ్రాలు చేస్తాయి. సుమారు 20 డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో దీని వృద్ధి దాదాపు నిలిచిపోతుంది. మన ఇళ్ళలో ఆ చల్లదనం ఏడాది పొడవునా సాధ్యం కాదు. అందువల్ల కొత్త ఆకును పెట్టెలో చేర్చే ముందు గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచాలి. తరువాత ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో, మరొక రోజు గదిలో ఉంచి, ఆకు గది ఉష్ణోగ్రతకు వచ్చాకనే సంచి విప్పాలి. చల్లని ఆకును వెంటనే విప్పితే దానిపై నీరు పడుతుంది.

ఆకుపై తెల్లని పొడి కనిపిస్తే అది నూనెలు స్ఫటికాలుగా పైకి తేలినదని, పక్వతకు గుర్తని సిగార్ ప్రియులు కొందరు సంతోషిస్తారు. సూక్ష్మదర్శిని కింద చూసి నిర్ధారించుకునేవరకు దానిని బూజుగానే పరిగణించాలి. బూజు పట్టిన ఆకును తుడిచి పరిశోధనకు వాడరాదు.

తూకమే తుది సాక్షి

మా అనుభవం నేర్పిన పాఠం ఇది. ఇప్పుడు ప్రతి పెట్టెలో ఒక గుర్తింపు కట్టను ఉంచుతున్నాము. దాని తోటి ఆకు నుంచి తీసిన నమూనాలో ఓవెన్ పద్ధతిన తేమ శాతం ముందుగా నిర్ణయిస్తాము. 13 శాతం తేమ గల ఆకు 100 గ్రాములు తూచి, దారంతో కట్టి పెట్టె మధ్యలో ఉంచుతాము. అందులో పొడి పదార్థం 87 గ్రాములు. తేమ 15 శాతానికి పెరిగితే కట్ట బరువు 102.4 గ్రాములు అవుతుంది. 11 శాతానికి తగ్గితే 97.8 గ్రాములు. 0.1 గ్రాము వరకు చూపే సాధారణ తూనిక ఈ మార్పును స్పష్టంగా పట్టుకుంటుంది. హైగ్రోమీటర్ గాలి సంగతి చెబుతుంది; ఈ కట్ట ఆకు సంగతి చెబుతుంది. రెండూ ఏకీభవించనప్పుడు మేము కట్టనే నమ్ముతాము.

నీరు చేర్చవలసి వచ్చినా లెక్కతోనే చేర్చాలి. 2 కిలోల ఆకు 11 శాతం తేమకు దిగిందనుకుంటే పొడి పదార్థం 1780 గ్రాములు. 13 శాతానికి తేవాలంటే మొత్తం బరువు 2046 గ్రాములు కావాలి. కావలసిన నీరు 46 గ్రాములు మాత్రమే. దానిని ఆకుపై చల్లకుండా, గిన్నెలో పోసి, విడతకు 10 నుంచి 15 గ్రాముల చొప్పున, విడతకూ విడతకూ మధ్య మూడు నాలుగు రోజుల వ్యవధితో ఇవ్వాలి. ఆకు కట్ట లోపలికి తేమ చేరడానికి అంత సమయం పడుతుంది.

ముఖ్య సూచనలు

1. పెట్టె మూత నలువైపులా బిగువుగా పడుతున్నదో లేదో కాగితపు పట్టీతో పరీక్షించాలి.
2. చెక్క పళ్ళేలను ఆకు పెట్టడానికి ముందే తేమకు సిద్ధం చేయాలి.
3. హైగ్రోమీటర్‌ను ఉప్పుతో పరీక్షించి, సవరణ అంకెను పరికరంపైనే రాసి అంటించాలి.
4. మూసిన పెట్టెలోని అంకెనే నమోదు చేయాలి.
5. లక్ష్యం 65 శాతంగా పెట్టుకొని, దానికి తగిన రెండు వైపులా పనిచేసే సంచులు లేదా గుళికలు వాడాలి.
6. పెట్టెలో మూడింట రెండు వంతులు ఆకుతో నింపి, గాలి కదలడానికి కొంత చోటు వదలాలి.
7. గుర్తింపు కట్టను వారానికి ఒకసారి తూచాలి. బరువు మారనప్పుడు ఏమీ చేయరాదు.

ఇతర పంటలకు అన్వయం

సిగార్ పెట్టెను గురించి చెప్పిన ఈ సూత్రం రైతు ఇంటిలోని ప్రతి నిల్వకూ వర్తిస్తుంది. 70 శాతం ఆర్ద్రత గల గాలిలో వరి ధాన్యం సుమారు 13 నుంచి 14 శాతం తేమ వద్ద నిలిస్తే, వేరుశనగ పప్పు 7 శాతం దగ్గరే నిలుస్తుంది. నూనె నీటిని పట్టి ఉంచకపోవడమే అందుకు కారణం. 10 శాతం తేమ గల వరి ధాన్యం నిశ్చింతగా ఉండగా, అదే 10 శాతం తేమ గల వేరుశనగ పప్పులో బూజు పుట్టి అఫ్లాటాక్సిన్ చేరే ప్రమాదం ఉంది. కాబట్టి గాలి ఎంత తడిగా ఉందన్న ప్రశ్నతోపాటు, గింజలో ఎంత నీరు ఉంది, ఆ గింజకు అది ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నలను రైతు ముందుంచడం విస్తరణ శాస్త్రవేత్త విధి.

ఆ విద్యార్థి రెండవ పంట నమూనాలను ఇదే పద్ధతిలో పదకొండు నెలలు నిల్వ చేశారు. ఆ కాలమంతటిలో చేర్చిన నీరు 20 గ్రాములకు మించలేదు. నోటు పుస్తకంలో చాలా వారాలకు ఎదురుగా "బరువు మారలేదు, నీరు చేర్చలేదు" అని రాసి ఉంది. ఈసారి ఆ పుటల కింద సంతకం చేసే ముందు నేనూ కట్టను తూచి చూశాను.